అమ్మను అడిగే చెప్పావా?

ప్రశ్న: నేను వైజాగ్‌లో ఎం.ఏ. సైకాలజీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. సోషల్ సైకాలజీ అంటే నాకు ప్రాణం. నాన్న పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. "పిచ్చోళ్ళ చదువు ఏటే అది? మానేసి బ్యాంకు కోచింగ్‌లో చేరు" అని రోజూ గొడవ. పెదనాన్న, మావయ్య కూడా ఆయన వైపే. మొదట్లో అమ్మ ఒక్కతే నా పక్షాన మాట్లాడింది. తన గాజులు తాకట్టు పెట్టి ఫీజు కట్టింది. ఇప్పుడు ఆవిడ కూడా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. కంచం ముందు పెట్టి లోపలికి వెళ్ళిపోతోంది. క్లాసులో కాగ్నిటివ్ డిసొనెన్స్ (మనసులో రెండు విషయాలు పొసగకపోతే, ఆ ఇబ్బంది పోవడానికి ఏదో ఒకటి మార్చుకుని సమాధానపడటం) మీద సెమినార్ ఇచ్చినప్పుడు అమ్మనే ఉదాహరణగా చెప్పాను. అమ్మది మొదటినుంచీ లొంగిపోయే స్వభావం. నాన్నమ్మ దగ్గర అన్నేళ్ళు మాటలు పడి, ఇప్పుడు "ఆవిడ దేవత" అంటుంది. మా మాస్టారు చాలా మెచ్చుకున్నారు. మా క్లాసులోనే ఉన్న పిన్ని కూతురు ఆ సంగతి ఇంట్లో చెప్పింది. మార్గశిర గురువారం కనకమహాలక్ష్మి గుడి క్యూలో పిన్ని అమ్మతో అనేసింది. అమ్మ అపార్థం చేసుకుంది. అది సర్దుకుంటుందిలెండి. నా ప్రశ్న ఇది: ఎం.ఏ. మానేసి ఎంబీఏలో చేరనా? ఈ సబ్జెక్టు విలువ నాన్నకి తెలియాలంటే ఏ ప్రయోగం గురించి చెబితే బాగుంటుంది?
– పేరు వద్దు, మద్దిలపాలెం

జవాబు: మానేయకు. ఇష్టపడి చేరావు, పూర్తి చెయ్యి. నాన్నకి ఏ ప్రయోగమూ చెప్పకు. రేపు తన కూతురు ఎవరి ముందూ చెయ్యి చాపకుండా బతుకుతుందా లేదా అన్నదే ఆయన బెంగ. ఒక కాగితం తీసుకుని రాసి చూపించు. ఎం.ఏ. అయ్యాక లెక్చరర్ అర్హత పరీక్ష నెట్ రాసి కాలేజీలో పాఠాలు చెప్పుకోవచ్చు. కంపెనీల హెచ్.ఆర్.లో, సర్వేలు చేసే సంస్థల్లో, స్వచ్ఛంద సంస్థల్లో పని దొరుకుతుంది. క్లినికల్ సైకాలజిస్టు కావాలంటే మాత్రం ఎం.ఏ. ఒక్కటే చాలదు, ఆర్.సి.ఐ. (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) గుర్తింపు ఉన్న శిక్షణ విడిగా పొందాలి. దేనికి ఎన్నేళ్ళు పడుతుందో, ఎంత ఖర్చవుతుందో పక్కనే వెయ్యి. జీవితమంతా పోర్టులో పనిచేసిన మనిషికి లెక్క చూపిస్తే వింటాడు. "పిచ్చోళ్ళ చదువు" అన్నాడని ఉడుక్కోకు. వాల్తేరులో మెంటల్ హాస్పిటల్ ఉన్న ఊరు మనది. సైకాలజీ అనగానే ఆయన తరం వాళ్ళకి ఆ గేటే గుర్తొస్తుంది. నువ్వు అడిగినదానికి జవాబు ఇంతే.

ఇక నువ్వు అడగనిది. "అది సర్దుకుంటుందిలెండి" అని ఒక్క ముక్కలో దాటేశావు చూడు, ఆ సంగతి. ఉత్తరం నిండా నాన్న, పెదనాన్న, మావయ్య. అమ్మ గురించి రాసింది మాత్రం నీ చదువు కథలో అడ్డొచ్చిన చిన్న ఇబ్బంది అన్నట్టు ఉంది. చదువుతుంటే నాకు కోపం వచ్చింది, దాచుకోవడం ఎందుకు?

అమ్మ అపార్థం చేసుకుందన్నావు. ఇందులో అపార్థం ఎక్కడుంది? నువ్వు చెప్పింది చెప్పినట్టే ఆవిడకి చేరింది. తన కాపురం, తన అత్తగారు, తను దిగమింగుకున్న మాటలు, తను చేసుకున్న సమాధానం, ఇవన్నీ కూతురు నలుగురిలో పెట్టి "దీన్ని ఇలా అంటారు" అని పేరు పెట్టింది. ఆవిడకి అర్థమైంది అదే, జరిగిందీ అదే.

అదీ ఎక్కడ తెలిసింది? మార్గశిర గురువారంనాడు బురుజుపేట క్యూ ఎలా ఉంటుందో నీకు నేను చెప్పాలా? ముందూ వెనకా తెలిసిన మొహాలే. చేతిలో పసుపు, కుంకుమ, కొబ్బరికాయ. ఆ జనం మధ్య సొంత చెల్లెలు నవ్వుతూ "నీ గురించి మీ అమ్మాయి క్లాసులో పాఠం చెప్పిందటగా" అంటే ఆవిడ ఏం చెయ్యాలి? క్యూ వదిలి పోలేదు, అక్కడ ఏడవలేదు. అమ్మవారి దగ్గరికి వెళ్ళి దణ్ణం పెట్టుకుని, ఇంటికొచ్చి నీకు అన్నం వండింది. వండిన అన్నం ముందు పెట్టి లోపలికి వెళ్ళిపోతోందంటే నేను ఆశ్చర్యపోను.

సైకాలజీలో చేరిన మొదటి ఏడాది ఇంట్లో అందరికీ ఏదో ఒక పేరు పెట్టని పిల్లల్ని నేను చూడలేదు. తండ్రికి అథారిటేరియన్ అని, తమ్ముడికి అటెన్షన్ సీకింగ్ అని. కొత్తగా నేర్చుకున్నది నోట్లో ఆడుతుంటుంది, దాన్ని నేను తప్పు పట్టను. కానీ నువ్వు ఇంట్లో అనుకుని ఊరుకోలేదు. మార్కుల కోసం బయటికి తీసుకెళ్ళావు.

మనుషుల్ని అడక్కుండా వాడుకోకూడదన్నది నీ సబ్జెక్టు నీకు నేర్పే మొదటి పాఠాల్లో ఒకటి కదా. మిల్‌గ్రామ్ ప్రయోగం చదివే ఉంటావు. 1961లో యేల్ యూనివర్సిటీలో మొదలైంది. ప్రయోగం చేసేవాళ్ళు ఇవ్వమంటే, అవతలి గదిలో ఉన్న మనిషికి కరెంటు షాకులు ఇస్తున్నామని నమ్మి, 40 మందిలో 26 మంది చివరిదాకా, 450 వోల్టులదాకా వెళ్ళారు. నిజానికి ఆ అవతలి మనిషికి షాకు తగల్లేదు. కానీ మీట నొక్కినవాళ్ళకి చెమటలు పట్టాయి, వణికిపోయారు, పెదాలు కొరుక్కున్నారు. తమను నమ్మి వచ్చినవాళ్ళని అంత క్షోభ పెట్టడం తగునా అని 1964లో డయానా బామ్‌రిండ్ అనే సైకాలజిస్టు గట్టిగా ప్రశ్నించింది. అలాంటి చర్చల తర్వాతే ముందు అనుమతి తీసుకోవాలి, ఎవరో తెలియనివ్వకూడదు, అయ్యాక అంతా వివరంగా చెప్పాలి అన్న నియమాలు గట్టిపడ్డాయి. ముక్కూ మొహం తెలియని మనిషి విషయంలో పాటించాల్సిన మర్యాద ఇది. కన్నతల్లి విషయంలో నువ్వు ఒక్కటైనా పాటించావా? పిన్ని కూతురు అదే క్లాసులో కూర్చుని ఉండగా చెప్పావు. చెప్పాక కూడా ఇంటికొచ్చి అమ్మతో అనలేదు.

రెండోది. అమ్మది "లొంగిపోయే స్వభావం" అని రాశావు. 1977లో లీ రాస్ అనే సైకాలజిస్టు పేరు పెట్టిన ఫండమెంటల్ అట్రిబ్యూషన్ ఎర్రర్ మీ పాఠాల్లో ఉండే ఉంటుంది. ఎదుటి మనిషి ఏదైనా చేస్తే పరిస్థితి చూడకుండా స్వభావం మీదికి తోసెయ్యడం. నువ్వు చేసింది అచ్చంగా అదే. పెళ్ళై వచ్చిన నాటికి మీ అమ్మ వయసెంత? చేతిలో డబ్బుందా? వెనక్కి వెళ్తే పుట్టింట్లో చోటుందా? నాన్న నైట్ షిఫ్టులకి పోతే ఇంట్లో ఆవిడా, అత్తగారూ, మీరూ. అక్కడ ఊరుకున్న మనిషిది లొంగుబాటో, పిల్లల కోసం వేసుకున్న లెక్కో నీకెలా తెలుసు? లొంగిపోయే స్వభావం ఉన్న మనిషి ముగ్గురు మగవాళ్ళు వద్దంటుంటే కూతుర్ని ఎం.ఏ.లో చేర్పించి, ఒంటి మీది బంగారం తీసి ఫీజు కడుతుందా? నువ్వు ప్రాణంగా చదువుతున్న శాస్త్రమంతా పరిస్థితి మనిషిని ఎలా నడిపిస్తుందో చెప్పేది. ఇంట్లో దాన్ని మీ అమ్మకి వర్తింపజెయ్యడానికి మాత్రం నీకు తోచలేదు.

నువ్వు వాడిన కాగ్నిటివ్ డిసొనెన్స్ సంగతే తీసుకో. లియోన్ ఫెస్టింగర్ అనే అమెరికన్ సైకాలజిస్టు దాన్ని 1957లో పుస్తకంగా రాశాడు. ఆ ఆలోచనకి ఒక మూలం మన దేశంలోనే ఉంది. 1934 బీహార్ భూకంపం తర్వాత జనంలో పుట్టిన పుకార్లని జమునా ప్రసాద్ అనే సైకాలజిస్టు సేకరించాడు. భూమి కదలడం తెలిసినా నష్టం జరగని ఊళ్ళలో జనం, ఇంకా పెద్ద ఉపద్రవం రాబోతోందని చెప్పుకున్నారు. ఫెస్టింగర్ అది చదివి, వీళ్ళు మూర్ఖులు అనుకోలేదు. అప్పటికే గుండెల్లో ఉన్న భయానికి తగ్గ కారణం వెతుక్కుంటున్నారు అనుకున్నాడు. సిద్ధాంతాన్ని కట్టినవాడు మనుషుల్ని ఆ మాత్రం మర్యాదగా చూశాడు. నువ్వు మీ అమ్మని అలా చూశావా అన్నది నా అనుమానం.

ఇంకో మాట, అసలు అది డిసొనెన్సేనా? అత్తగారి మీద మంటతో నా దగ్గరికి వచ్చిన ఆడవాళ్ళు ఎందరో. వాళ్ళలో కొందరు ఆ అత్తగారికి పక్షవాతం వచ్చి మంచాన పడ్డాక నోట్లో ముద్దలు పెట్టారు, దుప్పట్లు మార్చారు, ఆవిడ పోయాక నిజంగా ఏడ్చారు. చివరి రోజుల్లో ఆ ఇద్దరి మధ్య ఏం మాటలు నడిచాయో కొడుక్కే తెలియదు, మనవరాలికి ఏం తెలుస్తుంది? నాన్నమ్మ మీ అమ్మ చెయ్యి పట్టుకుని ఏమైనా అందేమో. నువ్వు ఎప్పుడైనా అడిగావా, "అమ్మా, నాన్నమ్మ అంటే నీకెందుకంత ఇష్టం?" అని? ఆ ఒక్క ప్రశ్న వేసి ఉంటే నీ సెమినార్ వేరేగా ఉండేది. అసలు ఇవ్వాలనిపించేది కాదేమో కూడా. చాకిరీ చేసిన మనిషికి ఆ చాకిరీని ఏమని పిలుచుకోవాలో తనే తేల్చుకునే హక్కు ఉంటుందని నేను గట్టిగా నమ్ముతాను.

ఇప్పుడు నాన్న గొడవకి, అమ్మ మౌనానికి లంకె చెబుతాను. సైకాలజిస్టు సోలొమన్ ఆష్ గీతల ప్రయోగం గుర్తు తెచ్చుకో. ముందే మాట్లాడుకున్న గుంపంతా కళ్ళెదుటి గీత పొడవు తప్పు చెబుతుంటే, అసలు విషయం తెలియని మనిషి ఏం చేస్తాడని చూశాడు. నలుగురిలో ముగ్గురు ఒక్కసారైనా గుంపు మాటకి తలొగ్గారు. కానీ ఆ గుంపులో ఒక్కడు, ఒకే ఒక్కడు నిజం చెబితే తప్పులు నాలుగో వంతుకి పడిపోయాయి. మీ ఇంట్లో ఆ ఒక్కరు ఎవరు? నాన్న, పెదనాన్న, మావయ్య వరసగా కూర్చుని వద్దంటుంటే, వంటింటి గుమ్మంలో నిలబడి "దాన్ని చదువుకోనీండి" అన్నది మీ అమ్మ. ఆ మాట ఉన్నంతకాలం నీకు మానెయ్యాలన్న ఆలోచనే రాలేదు. ఇప్పుడు ఎంబీఏ అంటున్నావు. నాన్న గొంతేమీ పెరగలేదు, ఎప్పుడూ ఉన్నదే. అమ్మ మాట ఆగిపోయింది, నువ్వు జారిపోతున్నావు. నన్ను సలహా అడిగింది అందుకే, నీకు తెలియకపోయినా.

ఆష్ ఇంకో సంగతి కూడా చూశాడు. తోడుగా ఉన్న మనిషి మధ్యలో ప్లేటు ఫిరాయించి గుంపులో కలిస్తే తప్పులు ఒక్కసారిగా పెరిగాయి. ఏదో పని ఉందని గదిలోంచి వెళ్ళిపోతే మాత్రం అంతగా పెరగలేదు. ఆ మనిషి ఇచ్చిన ధైర్యం కొంత మిగిలే ఉంది. మీ అమ్మ నాన్న వైపు చేరలేదు. "మానిపించండి" అని ఒక్కసారి కూడా అన్నట్టు నువ్వు రాయలేదు. లోపలికి వెళ్ళిపోయింది, అంతే. నీకింకా అవకాశం ఉంది.

ఇక చెయ్యాల్సింది. అమ్మ దగ్గరికి సిద్ధాంతంతో వెళ్ళకు. "నేను అన్నది ఆ అర్థంలో కాదమ్మా, అకడమిక్‌గా" అని మొదలుపెట్టావో, చెడగొట్టుకున్నట్టే. సాయంత్రం ఆవిడ ఒక్కతే ఉన్నప్పుడు, కూర తరుగుతున్నప్పుడో బట్టలు మడతపెడుతున్నప్పుడో, పక్కన కూర్చో. "నీ సంగతులు నిన్ను అడక్కుండా బయట చెప్పాను. తప్పు చేశాను" అను. అంతవరకే. నీ బాధ, నీ టెన్షన్, నాన్న గొడవ అప్పుడు ఎత్తకు. ఆవిడ తిడితే పడు. ఏమీ అనకపోతే ఆ పనిలో సాయం చేసి లే. మర్నాడు మళ్ళీ వెళ్ళు. అమ్మే కదా, ఎన్నాళ్ళు అలుగుతుందిలే అన్న ధీమా నీ ఉత్తరంలో కనిపించింది, దాన్ని పక్కన పెట్టు. అమ్మకీ అభిమానం ఉంటుంది. పిల్లలు పెద్దవాళ్ళయ్యేకొద్దీ అది పెరుగుతుంది కూడా.

మాస్టారిని కలిసి, ఆ ఉదాహరణ అనుమతి లేకుండా చెప్పానని, పేపర్‌లోంచి తీసేస్తానని చెప్పు. ఆయన ఎంత మెచ్చుకున్నా సరే. పిన్ని కూతురితో దెబ్బలాడకు. నువ్వు పదిమందిలో చెప్పినదాన్నే తను పదకొండోవాళ్ళకి చెప్పింది. పిన్నితో మాత్రం అమ్మ ఎదురుగానే ఒక మాట అను: తప్పు నాదే పిన్నీ, ఇంక ఆ విషయం ఎక్కడా ఎత్తకు అని. ఆ మాట నీ నోటి నుంచి, చెల్లెలి ముందు, మీ అమ్మ వినాలి.

నాన్నకి చూపించమన్న లెక్కల కాగితం ముందు అమ్మకి చూపించు. అందులో గాజులు విడిపించడం కూడా ఒక పద్దుగా రాయి: వడ్డీ ఎంత, గడువు ఎప్పుడు, ట్యూషన్లు చెప్పో మరోటి చేసో నెలకి నువ్వు ఎంత కట్టగలవు. అప్పుడు ఆవిడ నాన్నతో మాట్లాడతానంటే మాట్లాడనివ్వు. మాట్లాడనంటే బలవంతపెట్టకు, నాన్న ముందు నువ్వే కూర్చో.