1971లో సముద్రంలో పోయిన మా మావయ్యకి మేం ఏం చేశామంటే

మీ చిన్నతాతగారు 1971 యుద్ధంలో షిప్‌తో పాటే పోయారు, బాడీ రాలేదు, ఇంట్లో ఒక ఫొటో తప్ప ఏం మిగల్లేదు, ఇప్పుడు ఏ రోజు చేయాలి, ఎక్కడికెళ్ళాలి అని అడిగారు కదా. మా ఇంట్లోనూ ఇదే జరిగింది, అందుకే రాస్తున్నా.

మా పెద్దమావయ్య, అంటే అమ్మ వాళ్ళ అన్నయ్య, ఐఎన్ఎస్ ఖుక్రీలో సెయిలర్. అప్పటికి 22 ఏళ్ళు. డిసెంబర్ 9 రాత్రి గుజరాత్ తీరాన డయ్యూ దగ్గర సముద్రంలో పాకిస్తాన్ సబ్‌మెరైన్ హంగోర్ టార్పెడోతో కొడితే నిమిషాల్లో షిప్ మునిగిపోయింది. 18 మంది ఆఫీసర్లు, 176 మంది సెయిలర్లు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా గారు షిప్ వదల్లేదు, ఆయనకి మహావీర్ చక్ర ఇచ్చారు. ఖుక్రీ అనగానే అందరూ ఆయన గురించే చెప్తారు, చెప్పాలి కూడా, కానీ మా అమ్మమ్మకి ఆ షిప్‌లో ఉన్నది ఒక్కడే.

టెలిగ్రాంలో మిస్సింగ్ అని వచ్చిందట. ఆ ఒక్క మాట పట్టుకుని కూర్చుంది ఆవిడ. కనబడట్లేదన్నారు గానీ పోయాడన్లేదుగా అనేది. పైగా అరవై మందికి పైగా బతికారని తెలిసింది, వీడికి ఈత బాగా వచ్చు, ఇంకేముంది, ఏ పడవవాళ్ళో తీసుకెళ్ళుంటారు, పాకిస్తాన్ జైల్లో ఉన్నాడేమో, ఇలా ఏళ్ళకి ఏళ్ళు. దర్భలతో బొమ్మ చేసి దహనం చేయొచ్చమ్మా అన్న పంతులుగారిని అరుగు మీంచే పంపేసింది. ఓటర్ల లిస్టు రాసేవాళ్ళు వస్తే మావయ్య పేరు చెప్పి రాయించేది, ఊళ్ళో లేడు, వస్తాడు అని.

అందుకని ఆవిడ ఉన్నన్నాళ్ళూ తద్దినం లేదు. మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఇప్పటికీ ఇలాగే ఉంటే వాళ్ళతో వాదించకండి, మేం వాదించి బాధపెట్టాం.

అమ్మమ్మ పోయాక చిన్నమావయ్య మొదలుపెట్టాడు. తారీకు తెలుసు కాబట్టి పంతులుగారు పాత పంచాంగం చూసి తిథి చెప్పారు. అదీకాక మహాలయ పక్షంలో చతుర్దశి ఉంది, ఆయుధం వల్ల పోయినవాళ్ళకి ఆ రోజు పెడతారు, మీకూ అది పనికొస్తుంది.

చోటు సంగతికొస్తే, ఢిల్లీలో ఇండియా గేట్ పక్కన నేషనల్ వార్ మెమోరియల్ 2019లో తెరిచారు, అక్కడ గోడల మీద ఒక్కొక్కరి పేరూ రాతిలో చెక్కి ఉంటుంది, ఒకసారి వెళ్ళి వెతకండి. వైజాగ్ బీచ్ రోడ్డులో విక్టరీ ఎట్ సీ స్తూపం ఉంది, నేవీ డే అని డిసెంబర్ 4న అక్కడ పూలు పెడతారు. అమ్మని ఒకసారి తీసుకెళ్తే, అదే యుద్ధంలో ఇదే వైజాగ్ ముందు మునిగిన పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీలో 90 మందికి పైగా పోయారని విని, వాళ్ళ అమ్మలకీ టెలిగ్రాంలే వెళ్ళుంటాయి కదరా అంది. నేనేం మాట్లాడలేదు.

కానీ మాకు అసలు చోటు డయ్యూ. వెరావల్ దాకా రైలు, అక్కణ్ణించి కారు. సముద్రం పక్కన గుట్ట మీద ఖుక్రీ నమూనా ఒకటి గాజు పెట్టెలో పెట్టారు. అమ్మ దాని చుట్టూ తిరిగి తిరిగి, వీళ్ళు పడుకునేది ఎక్కడరా అని నన్నడిగింది, నాకేం తెలుసు, ఏదో చోటు చూపించా. తర్వాత కిందకి దిగి స్టీలు డబ్బా తీసింది, అందులో సున్నుండలు, మావయ్యకి ఇష్టమని ఇంటి దగ్గర చేసి తెచ్చింది, నాకు చెప్పనే లేదు. రెండు నీళ్ళలో వేసింది. మూడోది ఎప్పుడూ నాకే ఇచ్చేవాడు అని అక్కడే రాయి మీద కూర్చుని తినేసింది.