కంపెనీ దివాలా తీస్తే ఆగిన జీతం ఎలా రాబట్టుకోవాలి?

మీ ప్రశ్న చదివాను. బ్యాంకు మీ కంపెనీని దివాలా కేసులు చూసే ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌టీకి లాగింది, ఐదు నెలల జీతం ఆగింది, ఇంతలో వేరే ఉద్యోగం చేతికొచ్చింది. క్లెయిము పెట్టాలా, రాజీనామా చేస్తే బకాయి పోతుందా అని అడిగారు. పెట్టి తీరాలి. ఎవరూ మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చి ఇవ్వరు. నేను హైదరాబాద్‌లో ఒక నిర్మాణ సంస్థ అకౌంట్స్ విభాగంలో ఉండగా అది ఇదే దారి పట్టింది కాబట్టి కాగితాలు ఎలా నడుస్తాయో దగ్గర నుంచి చూశాను.

ట్రిబ్యునల్ కేసును స్వీకరించిన రోజే డైరెక్టర్ల పెత్తనం పోయి, ఐఆర్‌పీ అనే తాత్కాలిక అధికారి వస్తారు. పత్రికల్లో ఆయన ఇచ్చే ప్రకటనలో క్లెయిముల గడువు ఉంటుంది. ఆయన నియామకం నుంచి 14 రోజులే. ఆలస్యానికి కారణం చూపితే కనీసం 90 రోజుల దాకా తీసుకుంటారు గానీ, అంతవరకూ రానివ్వకండి. మీరు నింపవలసినది ఫారం డి. అందరి తరఫున ఒకరు వేస్తే ఫారం ఇ. ఇక లేబర్ ఆఫీసులో వేసిన కేసంటారా, మారటోరియం, అంటే కంపెనీపై కేసులు, వసూళ్లు ఆపే నిషేధం, ఉన్నంతకాలం దానిమీద వసూలు జరగదు.

కాగితాలు ఇవాళే కూడబెట్టుకోండి. మా ఆఫీసులో జీతాల సాఫ్ట్‌వేరుకు చందా కట్టక అది ఆగిపోయింది, ఆ తర్వాత ఎవరి పే స్లిప్పూ తెరుచుకోలేదు. సైటులో పంపు ఆపరేటర్‌గా చేసిన ఒకాయన దగ్గర ఒక్క చీటీ కూడా లేదు. బ్యాంకు పాస్‌బుక్కులో కంపెనీ పేరుతో నెలనెలా పడిన జమలకు పెన్సిల్‌తో టిక్కులు పెట్టి తెచ్చారు. చివరి టిక్కు తర్వాత వంటగ్యాసు సబ్సిడీ జమలు తప్ప ఏమీ లేవు. దానికి జిరాక్సు తీసి, గుర్తింపు కార్డు జతచేసి పంపాం. ఒప్పుకున్నారు. క్లెయిముల జాబితా వెలువడ్డాక మీ పేరు ఉందని సంబరపడకుండా ఎదురుగా ఉన్న అంకె చూడండి. మావాళ్లలో కొందరికి వాడుకోని సెలవుల సొమ్ము కోసేశారు. అలా జరిగితే కారణం రాతపూర్వకంగా అడగండి, తేలకపోతే ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు.

ఎంత వస్తుందన్నది అసలు చిక్కు. కంపెనీని ఎవరైనా కొనుక్కుంటే మీ వాటా వాళ్ల ప్రణాళికను బట్టి ఉంటుంది. సిర్పూర్ పేపర్ మిల్లును 2018లో జేకే పేపర్ తీసుకున్నది ఈ పద్ధతిలోనే. ఎవరూ రాకపోతే ఆస్తులు అమ్మేస్తారు, దీన్నే లిక్విడేషన్ అంటారు. అప్పుడు దివాలా చట్టం 53వ సెక్షన్ వరుస నిర్ణయిస్తుంది. ముందు ప్రక్రియ ఖర్చులు, ఆ తర్వాత తాకట్టు వదులుకుని వచ్చిన బ్యాంకులతో సమానంగా కార్మికుల 24 నెలల బకాయిలు, వాటి వెనుక మిగతా ఉద్యోగుల 12 నెలల బకాయిలు.

ఈ నెలల లెక్క దగ్గరే జనం దెబ్బతింటారు. జీతం ఆగిన రోజు నుంచి కాదు, లిక్విడేషన్ ఆర్డరు వచ్చిన రోజు నుంచి వెనక్కి లెక్కపెడతారు. మీ ఐదు నెలల బకాయి ఇప్పటిది. ఆర్డరు రావడానికి ఏడాదిన్నర పట్టిందనుకోండి, ఉద్యోగుల 12 నెలల గీత దాటి ఆ బకాయి అడుగు వరసలోకి జారిపోతుంది. అందుకే మీరు కార్మికుడి కిందికి వస్తారా, ఉద్యోగి కిందికి వస్తారా అన్నది తేల్చుకోవాలి. హోదా పేరును బట్టి కాదు, నిజంగా చేసిన పనిని బట్టి చూస్తారు. కార్డు మీద ఇంజినీర్ అని ఉన్నంత మాత్రాన వెనక వరసలో కూర్చోనక్కర్లేదు. దివాలా ప్రక్రియ నడిచిన కాలానికి జీతం కావాలంటే, కంపెనీ నడుస్తూ ఉండి, మీరు నిజంగా పనిచేసి ఉండాలని ఏబీజీ షిప్‌యార్డ్ కేసులో 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ఇంకా వెళ్తున్నవాళ్లు హాజరు రుజువులు దాచుకోవాలి. లిక్విడేషన్ మొదలైతే 30 రోజుల్లో క్లెయిము మళ్లీ పంపడమే క్షేమం.

పీఎఫ్, గ్రాట్యుటీలను జీతంతో కలిపి ఒకే అంకెగా రాయకండి. పీఎఫ్, పింఛను, గ్రాట్యుటీ నిధులు అమ్మకపు ఆస్తుల్లోకి రావని అదే చట్టం 36వ సెక్షన్ చెబుతోంది. జెట్ ఎయిర్‌వేస్ ఉద్యోగులకు పీఎఫ్, గ్రాట్యుటీ పూర్తిగా ఇవ్వాలన్న ఆదేశాన్ని 2023 జనవరిలో సుప్రీంకోర్టు కూడా నిలిపింది. ఉమాంగ్ యాప్‌లో పీఎఫ్ పాస్‌బుక్ తెరవండి. జీతంలో కోసి జమ చేయకపోతే అది నేరం, వెంటనే పీఎఫ్ కార్యాలయానికి రాయండి. గ్రాట్యుటీకి మాత్రం ఒక మెలిక ఉంది. కంపెనీ విడిగా నిధి పెట్టనే లేదు కాబట్టి చెల్లించే బాధ్యత ఆస్తులు అమ్మే అధికారి అయిన లిక్విడేటర్‌ది కాదని మన హైదరాబాద్ లాంకో ఇన్‌ఫ్రాటెక్ వ్యవహారంలో 2020లో అప్పీలు ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌ఏటీ అన్నది. అసలు నిధి పెట్టనివాడికి ఇది వరం అయ్యిందేమిటని నాకు ఇప్పటికీ మంటగానే ఉంటుంది. మీ కంపెనీకి గ్రాట్యుటీ ట్రస్టు ఉందేమో, ఎల్‌ఐసీ పాలసీ ఏమైనా తీసుకున్నారేమో ముందే కనుక్కోండి.

కొత్త ఉద్యోగం నిరభ్యంతరంగా తీసుకోండి. రాజీనామాతో మీ బకాయి ఎక్కడికీ పోదు. అయితే రిలీవింగ్ లెటర్ ఇచ్చేటప్పుడు ‘నాకు రావలసిన బకాయిలు ఏమీ లేవు’ అన్న కాగితం ముందు పెడతారు. దాని మీద అలాగే సంతకం చేయకండి. ఏయే నెలల జీతం, ఎంత రావాలో మీ చేతిరాతతో అక్కడే రాసి, తేదీ వేసి, ఫోనులో ఫొటో తీసుకున్నాకే ఇవ్వండి. అలా రాయనివ్వకపోతే, రాజీనామాతో పాటు బకాయిల వివరం ఐఆర్‌పీ మెయిల్‌కు పంపి వచ్చేయండి.