22వ కీర్తనలో సింహం ఎక్కడిది?

ప్రశ్న: మా ఇంట్లో ఉన్న బైబిల్లో 22వ కీర్తన 16వ వచనంలో 'నా చేతులను నా పాదములను పొడిచియున్నారు' అని ఉంది. యూదుల బైబిల్లో అదే చోట పొడవడం లేదట, సింహం ఉందట! సిలువ సంగతి బయటపడకూడదని యూదులే మార్చేశారని ఒక వీడియోలో చెప్పారు. నిజమేనా?
— ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఆ వీడియో ఆయన తొందరపడ్డారమ్మా. పేచీ అంతా ఒక అక్షరం కాలు దగ్గర ఉంది. హీబ్రూలో యోద్ అంటే పైన చిన్న కొక్కెం, దానికే కాలు కిందిదాకా లాగితే వావ్. పాత చేతిరాతల్లో ప ఏదో వ ఏదో తేలక మనం కళ్లు చికిలించుకుంటామే, అలాంటి తంటానే ఇదీ. మాట చివర యోద్ ఉంటే 'కాఆరీ', అంటే సింహంలా. వావ్ ఉంటే 'కాఆరూ', దాన్ని తవ్వారు, పొడిచారు అని తీసుకోవచ్చు.

యూదులు తరతరాలుగా కాపాడుకొచ్చిన పాఠంలో ఉన్నది యోదే. కానీ అలా చదివితే క్రియే ఉండదు, 'సింహంలా నా చేతులు, నా కాళ్లు' అని ఊరుకుంటుంది, వాటికేమైందో చెప్పదు. 11వ శతాబ్దపు యూదు పండితుడు రాషీ, సింహం నోట్లో పడి నలిగినట్టు అని అర్థం చెప్పి సర్దాడు. క్రైస్తవుల వైపైనా సాఫీగా లేదు, తవ్వడం అనే హీబ్రూ క్రియకు మధ్యలో ఆలెఫ్ అనే అక్షరం ఉండదు, ఇక్కడేమో ఉంది. అయితే క్రీస్తుకు ముందే యూదులే చేసుకున్న గ్రీకు అనువాదంలో మాత్రం 'తవ్వారు' అనే ఉంది.

మృత సముద్రం దగ్గర నహల్ హెవెర్ లోయలో 1వ శతాబ్దం నాటి కీర్తనల చుట్ట ముక్కలు దొరికాయి. అందులో ఆ మాట చివర వావ్ లాగే కనిపిస్తుంది. ఇంకేముంది, కేసు అయిపోయిందంటారు కొందరు. కాస్త ఆగాలి. ఆ రాసినాయనే పక్క మాటలో ఒక అక్షరం ఎక్కువేసి, 'నా చేతులు' కావాల్సింది 'ఆమె చేతులు' అయ్యేలా రాసిపెట్టాడు! అంత పరాకు మనిషి సాక్ష్యం అన్నమాట. నాకైతే వావే పాతదనిపిస్తుంది గానీ, ఒట్టేసి మాత్రం చెప్పను.

ఇక కుట్ర మాట. సువార్తల్లో సిలువ దగ్గర ఇదే కీర్తన నుంచి 'నా దేవా, నా దేవా' ఉంది, బట్టలు పంచుకోవడం ఉంది, ఈ చేతుల మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. 2వ శతాబ్దంలో జస్టిన్ అనే క్రైస్తవుడు, యూదులు ఏయే వాక్యాలు తీసేశారో లెక్కపెట్టి మరీ ఆరోపించాడు, ఆ లెక్కలోనూ ఇది లేదు. పైగా ఆయన చెప్పినవాటిలో 96వ కీర్తన ఒకటి. 10వ వచనంలో దేవుడు 'మ్రాను మీదనుండి' ఏలుతున్నాడని ఉండేదట, యూదులు కోసేశారట. మనకు దొరికిన ఏ హీబ్రూ ప్రతిలోనూ ఆ ముక్క లేదు, మీ తెలుగు బైబిల్లోనూ ఉండదు, తీసి చూడండి. సిలువ మీద భక్తి కొద్దీ క్రైస్తవులెవరో చేర్చుకున్నదది.

అన్నట్టు, యూదుల బైబిల్లో ఈ సింహం కోసం 16లో వెతక్కండి, 17లో ఉంటుంది. కీర్తన పైనుండే శీర్షికను కూడా వాళ్లు ఒక వచనంగా లెక్కేస్తారు.