ఒక్కడివే మోయవద్దు నాయనా

చిరంజీవి నాయనకు, పెద్దమ్మ ప్రభువు నామమున ఆశీర్వదించి వ్రాయునది.

మీ నాన్నగారికి పక్షవాతం వచ్చినప్పటి నుండి నీకు రాత్రి నిద్ర లేదనీ, ప్రార్థనకు మోకరించినా కళ్ల ముందు వడ్డీ లెక్కలే కదులుతున్నాయనీ, దేవునిమీద భారం వేయమని అందరూ చెబుతున్నారే గాని ఎలా వేయాలో ఎవరూ చెప్పడం లేదనీ వ్రాశావు. అది అడగవలసిన ప్రశ్నే. మీ పెదనాన్నగారు మంచాన ఉన్న ఏళ్లలో నేనూ ఆ ప్రశ్నతోనే బ్రతికాను గనుక నాకు తెలిసినంత వరకు చెబుతాను.

ముందుగా బైబిలులో సంఖ్యాకాండం 11వ అధ్యాయం తీసి నిదానంగా చదువు. అరణ్యంలో మోషే నడిపిస్తున్న ఇశ్రాయేలు జనమంతా మాంసం కోసం తమ గుడారాల ద్వారాల దగ్గర ఏడుస్తుంటే, ఇంతమందిని నేనొక్కడినే మోయలేను, నన్ను ఇలాగే ఉంచదలచితే చంపివేయుమని మోషే దేవునితో అన్నాడు. అంతటి మాట అన్నందుకు దేవుడు ఆయనను గద్దించలేదు. ఇశ్రాయేలు పెద్దలలో 70 మందిని దేవుని సన్నిధి గుడారమైన ప్రత్యక్షపు గుడారం దగ్గరకు పిలిపించి, మోషేమీద ఉన్న ఆత్మలో కొంత భాగం వారికి కూడా ఇచ్చి, ఇక ఒంటరిగా మోయకుండా వారు నీతోకూడ ఈ భారం భరిస్తారని చెప్పాడు. ఆ 70 మంది ఆకాశం నుండి దిగివచ్చినవారు కారు. మోషే ఎరిగిన పెద్దలే, అంతవరకు ఆ జనం మధ్యనే ఉన్నవారు. నా మనసుకు ఎంతో బలమిచ్చిన సంగతి ఇది. భారాన్ని దేవునికి అప్పగించడమంటే నోరు మూసుకుని భక్తిగా ఒక్కడివే మోయడం కాదు, ఆయన పంపే మనుషులను రానివ్వడం కూడా.

కాబట్టి నీ మోమాటాన్ని పక్కన పెట్టు. సంఘంలో ఎవరైనా పలకరించినప్పుడు "ప్రార్థించండి" అని మాత్రమే చెప్పి ఊరుకోవద్దు. ఏ పని, ఏ రోజు, ఏ వేళ అని విడమరచి అడుగు. మంచంలో ఉన్న మనిషిని సుమారు రెండు గంటలకొకసారి ఒత్తిగిలబెట్టకపోతే పుండ్లు పడతాయి. ఆ పని రాత్రంతా ఒక్కడే చేస్తూ పగలు ఉద్యోగం కూడా చేయడం ఏ మనిషి వల్లా కాదు. వారంలో రెండు రాత్రులు తండ్రి దగ్గర ఉండమని మీ తమ్ముణ్ణి అడుగు. ఫిజియోథెరపీకి తీసుకువెళ్లే రోజున తోడు రమ్మని యౌవనస్థులలో ఒకరిని అడుగు. అడిగితే చులకన అవుతామనే భయం నీలో ఉంటే, సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు ప్రభువే తన శిష్యులైన పేతురును, యాకోబును, యోహానును తోడు తీసుకువెళ్లి, తనతోకూడ మెలకువగా ఉండమని అడిగాడని గుర్తుచేసుకో.

అప్పుల సంగతి. అష్షూరు రాజు సన్హెరీబు బెదిరిస్తూ పంపిన ఉత్తరాన్ని యూదా రాజు హిజ్కియా చదివి, దేవాలయానికి వెళ్లి, ఆ కాగితాన్నే యెహోవా సన్నిధిలో విప్పి పరచాడు. నీవూ అలాగే చెయ్యి. ఆసుపత్రి బిల్లులు, బాకీ కాగితాలు అన్నీ మంచంమీద పరచి, ఎవరికి ఎంత ఇవ్వాలో దేవునితో పైకి చెప్పు. ఆయనకు తెలియదని కాదు. గుండెలో గుండ్రంగా తిరిగే భయం పైకి చెప్పినప్పుడు లెక్కగా మారుతుంది, లెక్కకు చేయవలసిన పని ఒకటి ఉంటుంది. రేపు చేయగలిగిన ఆ ఒక్క పనిని ఎంచుకుని, మిగిలిన కాగితాలు మడిచి పెట్టి పడుకో. అర్ధరాత్రి భయం మళ్లీ వస్తుంది. వచ్చినప్పుడు మళ్లీ అప్పగించు. 55వ కీర్తనలో దావీదు సాయంకాలం, ఉదయం, మధ్యాహ్నం మొరపెడుతూనే ఉన్నాడు, ఒక్కసారి చెప్పి నిశ్చింతగా లేడు. ఆ కీర్తన చివర ఉన్న "నీ భారము యెహోవామీద మోపుము, ఆయనే నిన్ను ఆదుకొనును" అన్న వాగ్దానం, అలా మానక మొరపెట్టిన మనిషి నోట వచ్చినది.

ఇంకొక మాట గట్టిగానే చెబుతున్నాను. విశ్వాసం ఉంటే మందులెందుకని నీతో అనేవారు ఉంటారు. వారి మాట విని మీ నాన్నగారి బీపీ మాత్ర ఒక్కపూట కూడా ఆపవద్దు. అపొస్తలుడైన పౌలు తన వెంట ఉన్న లూకాను ప్రియుడైన వైద్యుడని పిలిచాడు. నీ శరీరం సంగతి కూడా అంతే. ఏలీయా ప్రవక్త బదరీ చెట్టు క్రింద చావు కోరుకున్నప్పుడు దేవదూత ముందు రొట్టె, నీళ్లు ఇచ్చి, మళ్లీ నిద్రపోనిచ్చాడు. దేవుని పర్వతమైన హోరేబుకు ప్రయాణం ఆ తరువాతే. నిద్రలేమి ఇలాగే సాగినా, బ్రతకడం ఎందుకనే తలంపు ఒక్కసారి వచ్చినా, డాక్టరుకు చెప్పు. లేదా మనసు బాగోలేనివారికి ప్రభుత్వం నడిపే ఫోను సహాయం టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చెయ్యి, డబ్బు కట్టనక్కరలేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు. దానివల్ల నీ విశ్వాసానికి ఏ లోటూ రాదు.

సంక్రాంతి వెళ్లగానే నేను వచ్చి కొన్నాళ్లు మీ ఇంట ఉంటాను. ఈలోగా మీ నాన్నగారికి ఏ వేళకు ఏ మందు ఇస్తున్నావో, మెత్తని అన్నం మింగగలుగుతున్నారో లేదో, స్నానం ఎవరు చేయిస్తున్నారో వివరంగా వ్రాసి పంపు. నేను ఉన్న రాత్రులు ఆయన దగ్గర నేను కూర్చుంటాను, నీవు వేరే గదిలో పడుకోవాలి.

మీ పెద్దమ్మ