వృద్ధుల్లో వెన్నుపూస నలిగితే సిమెంట్ ఎక్కించాల్సిందేనా?

అందరికీ అక్కర్లేదు, ఆస్టియోపోరోసిస్‌తో ఎముక గుల్లబారి నలిగిన వెన్నుపూస చాలామందిలో నొప్పి మందులు, కొన్నాళ్లు బెల్టు, మెల్లగా నడకతోనే 6 నుంచి 12 వారాల్లో కుదుటపడుతుంది.

వారాలు గడిచినా మంచం మీద పక్కకు తిరగలేనంత నొప్పి ఉండి, ఆ పూస ఇంకా మానలేదని ఎంఆర్ఐలో తేలితే వెర్టిబ్రోప్లాస్టీ గురించి ఆలోచిస్తారు. పెద్ద కోత ఉండదు. ఎక్స్‌రే తెర మీద చూస్తూ లావుపాటి సూదిని వీపు వైపు నుంచి పూసలోకి దించి, పేస్టులాంటి ఎముక సిమెంటును నింపుతారు. అది నిమిషాల్లో గట్టిపడి, విరిగిన ముక్కలు కదలకుండా పట్టి ఉంచుతుంది. నొప్పి తగ్గడానికి ముఖ్య కారణం అదేనంటారు. ఇలాంటిదే మరో పద్ధతి కైఫోప్లాస్టీలో అయితే ముందు చిన్న బెలూన్ ఉబ్బించి సిమెంటుకు చోటు చేస్తారు. వెర్టిబ్రోప్లాస్టీ మీద 2009లో వెలువడిన రెండు అధ్యయనాల్లో, సిమెంటు లేకుండా ఉత్తుత్తి ప్రక్రియ చేసినవారికీ దాదాపు అంతే ఉపశమనం కనిపించింది. తొందరపడొద్దనేది అందుకే.

ఉదాహరణకు, 78 ఏళ్ల ఆవిడ బకెట్ ఎత్తగానే నడుం పట్టేసింది, ఎక్స్‌రేలో పూస ముందుభాగం కుంగింది అనుకుందాం. మూడో వారానికి లేచి తిరుగుతుంటే సిమెంటు అనవసరం. ఆరో వారానికీ కూర్చోలేకపోతే, ఎంఆర్ఐ చూసి దాని గురించి ఆలోచించవచ్చు. కాళ్లు బలహీనపడినా, మూత్రం మీద అదుపు తప్పినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి, అది వేరే సమస్య.

సిమెంటు పడితే ఎముకల జబ్బు నయమైపోయిందనుకోవడమే పెద్ద పొరపాటు. గట్టిపడింది ఆ ఒక్క పూసే. మిగతావి విరగకుండా ఎముక బలానికి మందులు వాడాల్సిందే.