రొయ్యల చెరువులో శానిటైజర్ వేసినా విబ్రియో (రొయ్యలకు జబ్బు తెచ్చే బ్యాక్టీరియా) మళ్లీ పెరుగుతోందంటే

శానిటైజర్ వేసిన నాలుగు రోజులకే ల్యాబ్ పరీక్షలో పచ్చ కాలనీలు (విబ్రియో గుంపులు) తిరిగి కనిపిస్తున్నాయంటే, మూలం నీటిలో కాదు, చెరువు అడుగున ఉండే అవకాశం ఎక్కువ. మిగిలిన మేత, రొయ్యల విసర్జితాలు కుళ్లిన నల్లబురదలోకి శానిటైజర్ సరిగా చేరదు.

1. ముందు మేత తగ్గించండి.

2. ఏరేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు) బురదను పోగుచేసే చోట, సాధారణంగా చెరువు మధ్యన, దాన్ని పైపుతో తోడి బయటికి పంపండి. చాలామంది వదిలేసేది ఇదే. కుళ్లిన గుడ్డు వాసన వస్తే చోటు సరైనదే. కలియబెట్టకండి, విషవాయువు నీటిలో కలిసి రొయ్యలు చనిపోతాయి. ఆ బురదను నీరు తీసుకునే కాలువలోకి వదలవద్దు, దయచేసి.

3. ప్రోబయోటిక్‌ను (మేలు చేసే బ్యాక్టీరియాను) శానిటైజర్ వెంటనే వేయకండి, అదీ చచ్చిపోతుంది.

4. చెక్ ట్రేలు (రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసే పళ్లేలు), వలలు కడిగి ఎండలో పూర్తిగా ఆరబెట్టండి.

యాంటీబయాటిక్ జోలికి వెళ్లకండి. ఈసారి పరీక్షకు నీటితో పాటు అడుగు మట్టి కూడా ఇవ్వండి.