వారానికొక్కసారే వయొలిన్ క్లాస్, నడుమల ఇంట్ల ఎట్ల వాయించాలె?

తమ్మీ, దేవరకొండ నుంచి నల్గొండకు ఆదివారం ఆదివారం క్లాసుకు పోతున్న, ఇంట్ల వాయిస్తే కీచుమంటుంది, శృతి నిలుస్తలేదు అన్నవు గదా. కీచు సంగతి ముందు చెప్త. వేళ్లు పక్కకు పెట్టి ఒట్టి తీగల మీదనే బో (వాయించే కమాను) లాగు, బ్రిడ్జికి (తీగలను ఎత్తి పట్టే చెక్క) ఫింగర్‌బోర్డుకు (వేళ్లు ఒత్తే పట్టీ) నడుమల, బ్రిడ్జికి సమానంగ, ఈ కొస నుంచి ఆ కొస దాక మెల్లగ, అద్దం ముంగట కూసుంటే బో వంకర పోతుందా లేదా నీకే కనిపిస్తది. బో బ్రిడ్జి మీదికి జరిగినా, పక్క తీగకు తాకినా కీచుమంటది. బో వెంట్రుకలకు పూసే రోజిన్ మరీ ఎక్కువ రుద్దకు, అది కూడా గరగర చేస్తది.

తర్వాత ఫోన్ల తంబూర యాప్ పెట్టుకొని మాయామాళవగౌళ రాగంల సరళీ వరుసలు (మొదటి స్వర పాఠాలు) వాయించు, ఒకటో కాలమే, అంటే మెల్లటి వేగంలనే. స తీగ (ఒట్టిగ లాగితే స పలికేది) మీద రి గ మ కు వేళ్లు ఎంత ఎడంల పడ్తయో, ప తీగ మీద ద ని స కు గూడ అంతే ఎడం, ఇది తెలిస్తే సగం పని అయినట్టే. పై స వేసినప్పుడు ఒట్టి స తీగతోటి కలుస్తుందా వినుకుంట పో. మూడు కాలాలకు ఉరకకు, నాకైతే అదే పెద్ద రోగం అనిపిస్తది.

శృతి అంటవా, మన ఎండలకు కట్టె ఎండి పెగ్గులు (తీగలు బిగించే కట్టె బిరడాలు) జారుతయ్, తిప్పేటప్పుడు జర లోపలికి ఒత్తుకుంట తిప్పు. చిన్న తేడాకు ఫైన్ ట్యూనర్ (తీగ కింది కొసకు ఉండే చిన్న మర) చాలు. అయినంక బో వెంట్రుకలు వదులు చేసి పెట్టు. అప్పటికీ జారితే సార్‌కు చూపియ్యి, పెగ్గుకు రాసే పేస్టు దొరుకుతది.